మలుపులో బండి పట్టేస్తోందా? ముందు లీవరు ఎక్కడుందో చూడండి

ప్రశ్న: మేస్త్రి గారికి నమస్కారం. మాది మందస దగ్గర పల్లెటూరండి, నాలుగెకరాల జీడితోట ఉంది. పిక్కల బస్తాలు పలాస తోలుకోడానికి పోయినేడాది సెకండ్ హ్యాండ్‌లో నాలుగు చక్రాలకీ పవర్ వెళ్లే ఒక ఫోర్ బై ఫోర్ పికప్పు కొన్నాను. మొన్న వాన పడ్డ మర్నాడు తోటలో బండి దిగబడిపోతే ఫోర్ వీల్ ఏసి బయటికి తీసీసాను, ఆ తొందర్లో లీవరు సంగతి మర్చిపోయి అలాగే తారు రోడ్డెక్కి పలాస వచ్చీసాను. తిన్నగా వచ్చినంతసేపూ ఏటీ తెలీలేదు. జీడి ఫ్యాక్టరీ గేటులోకి తిప్పుతుంటే మాత్రం ఎవరో వెనక నుంచి తాడేసి లాగుతున్నట్టు బండి పట్టీసింది, స్టీరింగ్ రాయిలాగైపోయింది, యాక్సిలేటర్ ఇస్తే కప్ప గెంతినట్టు రెండు గెంతులు గెంతింది, టైర్లు కీచుమన్నాయి. భయమేసి ఆపీసి లీవరుని, వెనక చక్రాలు మాత్రమే లాగే టూ హెచ్‌కి లాగితే రాలేదు. పక్కనున్న షెడ్డులో చూపిస్తే గేర్ బాక్స్ పోయింది, దించాలి, పాతిక వేలవుద్ది అన్నాడు. నిజంగా పోయిందంటారా?
— ఒక రైతు, మందస మండలం

జవాబు: దించొద్దు బాబూ. ఈ జవాబు నీకు చేరేసరికి ఆ బాక్సు కిందకి దిగకుండా ఉండాలని కోరుకుంటూ రాస్తున్నాను. మలుపులోనే పట్టెయ్యడం, స్టీరింగ్ బరువెక్కడం, గెంతడం, ఆనక లీవరు బిగుసుకుపోవడం, ఈ నాలుగూ కలిసొచ్చాయంటే, పైగా అప్పటిదాకా తిన్నగా బాగానే నడిచిందంటే, అది పాడైన బండి లక్షణం కాదు, ఫోర్ వీల్‌లో పెట్టి ఎండిన తారు మీద తిప్పిన బండి లక్షణం. కొత్త బండి షోరూం నుంచి తెచ్చి ఇలాగే తిప్పు, అదీ పట్టేస్తుంది.

ఎందుకో నిదానంగా చెప్తాను, ఎందుకంటే ఇది అర్థమైతే మళ్లీ ఏ షెడ్డులోనూ నిన్ను ఎవరూ భయపెట్టలేరు.

సాలూరు లారీ డ్రైవర్లని ఎవర్నైనా అడుగు, ఇరుకు సందులో మలుపు తిప్పేటప్పుడు వాళ్ల భయమంతా వెనక చక్రం గురించే. ముందు చక్రం చక్కగా రోడ్డు మీదే వెళ్తుంది, వెనకది లోపలికి కోసుకొచ్చి కాలవలో దిగుతుంది లేదా ఎవరిదో అరుగు గీకేస్తుంది. అంటే మలుపులో ముందు చక్రాలు నడిచే దారి వేరు, వెనక చక్రాలు నడిచే దారి వేరు. ముందువి బయట నుంచి పెద్ద చుట్టు తిరుగుతాయి, వెనకవి లోపల నుంచి అడ్డదారిన వచ్చేస్తాయి. చూడాలనుంటే సిమెంటు కళ్లం మీదకి బండి తీసుకెళ్లి నాలుగు చక్రాలకీ బక్కెట్టు నీళ్లు కుమ్మరించి, టూ హెచ్‌లోనే, స్టీరింగ్ పూర్తిగా తిప్పి మెల్లగా కొంచెం దూరం తిప్పి దిగి చూడు. ఒకదాని లోపల ఒకటి నాలుగు తడి గీతలు కనిపిస్తాయి, ఏ రెండూ కలవవు.

తేడా ఎంతంటావా, లెక్క వేసుకుందాం. నీ పికప్పు ముందు ఇరుసుకీ వెనక ఇరుసుకీ మధ్య సుమారు 3 మీటర్లు ఉంటుంది. వెనక ఇరుసు మధ్యభాగం 6 మీటర్ల వ్యాసార్థంలో తిరిగితే ముందు ఇరుసు మధ్యభాగం 6.7 మీటర్ల వ్యాసార్థంలో తిరుగుతుంది. ఫ్యాక్టరీ గేటులోకి తిరిగావు చూడు, అలాంటి పావు చుట్టులో వెనకది దగ్గరదగ్గర 9.4 మీటర్లు నడిస్తే ముందుది 10.5 మీటర్లు నడవాలి. మీటరు పైన తేడా! నీ టైరు ఒక్కసారి తిరిగితే 2.3 మీటర్ల పైచిలుకు వెళ్తుంది కాబట్టి, ఆ ఒక్క మలుపులోనే ముందు చక్రాలు వెనక చక్రాల కన్నా సగం చుట్టు ఎక్కువ తిరగాలి. చక్రం ఒకసారి తిరగడానికి ప్రొపెల్లర్ షాఫ్ట్ (ఇంజను బలాన్ని ఇరుసుకి చేర్చే పొడవాటి కడ్డీ, ముందు ఇరుసుకి ఒకటి, వెనక ఇరుసుకి ఒకటి) ఇంచుమించు నాలుగుసార్లు తిరుగుతుంది కదా, అంటే ముందు షాఫ్ట్ వెనక షాఫ్ట్ కన్నా రెండు చుట్లు ఎక్కువ తిరగాలి.

తిరగనిస్తే ఏ గొడవా లేదు. టూ హెచ్‌లో ముందు షాఫ్ట్‌కీ ఇంజనుకీ సంబంధం ఉండదు కాబట్టి ముందు చక్రాలు వాటి ఇష్టమొచ్చినంత తిరుగుతాయి. ఫోర్ హెచ్, అంటే నాలుగు చక్రాలూ లాగే స్థానం, వేశావంటే ట్రాన్స్‌ఫర్ కేస్ (బలాన్ని ముందు షాఫ్ట్‌కీ వెనక షాఫ్ట్‌కీ పంచే పెట్టె) లోపల ఒక పళ్ల కాలరు జరిగి ముందు షాఫ్ట్‌నీ వెనక షాఫ్ట్‌నీ కలిపి ఒకటే చేసేస్తుంది. ఇక ఒకటి పది చుట్లు తిరిగితే రెండోదీ పదే తిరగాలి, పదకొండోది తిరగనివ్వదు.

ఇక్కడ చాలామంది అడుగుతారు, మరి డిఫరెన్షియల్ ఉంది కదండీ అని. ఉంది, కానీ అది చేసే పని వేరు. కళ్లంలో ఎడ్లు తిప్పేటప్పుడు గుంజ దగ్గరున్న ఎద్దు చిన్న అడుగులేస్తది, బయట కొసనున్న ఎద్దు గబగబా నడుస్తది, డిఫరెన్షియల్ ఒకే ఇరుసు మీదున్న కుడి చక్రానికీ ఎడమ చక్రానికీ అలాంటి వెసులుబాటు ఇస్తుంది. ముందు ఇరుసుకి ఒకటి, వెనక ఇరుసుకి ఒకటి. ముందు ఇరుసుకీ వెనక ఇరుసుకీ మధ్య వెసులుబాటు ఇవ్వడానికి మూడోది కావాలి, అది నీ బండిలో లేదు. కంపెనీ మర్చిపోయి కాదు, బురదలో దిగబడినప్పుడు ముందూ వెనకా కలిసి కచ్చితంగా తిరగాలనే అలా కట్టారు. 1940ల నాటి యుద్ధం జీపుల దగ్గర్నుంచి 1985లో వచ్చిన జిప్సీ దాకా, ఇవాళ్టి థార్ దాకా, పార్ట్ టైమ్ ఫోర్ వీల్ (అవసరమైనప్పుడే వేసుకునేది) అంటే ఇదే ఏర్పాటు.

మరి తోటలో అదే ఫోర్ హెచ్‌లో తిప్పినప్పుడు ఎందుకు పట్టెయ్యలేదు? నేల జారింది కాబట్టి. బురద, ఇసుక, వదులు మట్టి మీద టైరు ఆ మీటరు తేడానీ కొంచెం కొంచెం జారి తీర్చేసుకుంటుంది, నీకు తెలీను కూడా తెలీదు. ఎండిన తారు మీద, సిమెంటు రోడ్డు మీద రబ్బరు జారదు, గట్టిగా కరుచుకుంటుంది. టైరు జారదు, షాఫ్ట్ వదలదు. తడి పంచె రెండు కొసలూ పట్టుకుని ఎదురెదురుగా పిండితే ఎలా మెలిపడుతుందో, షాఫ్టులూ, యాక్సిల్సూ, షాఫ్టు కొసల్లో ఉండే క్రాసు జాయింట్లూ అన్నీ అలా మెలిపడిపోతాయి. ఆ మెలి పెరిగి పెరిగి ఒక హద్దు దాటేసరికి ఏదో ఒక టైరు తట్టుకోలేక ఒక్కసారి సర్రున జారుతుంది, మెలి కొంచెం విడుతుంది, మళ్లీ పట్టుకుంటుంది, మళ్లీ మెలిపడుతుంది. నువ్వన్న కప్ప గెంతు అదే. ఎవరో తాడేసి లాగినట్టుందన్నావు చూడు, చాలా కరెక్టుగా చెప్పావు, ముందు చక్రాలు ఇంకా తిరగాలనుకుంటే వెనకవి నిజంగానే షాఫ్టు పట్టుకుని ఆపేస్తున్నాయి.

లీవరు ఎందుకు రాలేదంటే కూడా ఇదే. లోపల పళ్ల కాలరు జరగాలి కదా, ఆ పళ్ల మీద ఈ మెలి బలమంతా పడి నొక్కేస్తుంటే ఎలా జరుగుతుంది. తలుపు మీద అవతల నుంచి మనిషి తోస్తుంటే గడియ లాగలేం, అలాగన్నమాట. గడియ పాడవలేదు, తోపు ఆగాలంతే.

తోపు ఆపే మార్గం చెప్తాను. వచ్చిన వంపు మీదే రివర్స్‌లో వెనక్కి వెళ్లు, స్టీరింగ్ ఎలా ఉందో అలాగే ఉంచి, మెల్లగా, అయిదారు మీటర్లు. ముందుకొచ్చేటప్పుడు పడ్డ మెలి వెనక్కి వెళ్లేటప్పుడు విడిపోతుంది, ఆ వెళ్తూ వెళ్తూనే లీవరు మీద చెయ్యి వేసి చిన్నగా లాగుతూ ఉంటే ఒకచోట దానంతటదే టక్కున పడిపోతుంది. జాగా లేకపోతే ఒక పక్క రెండు చక్రాలు రోడ్డు మార్జిన్ మట్టిలోకి దించి కొంచెం ముందుకీ వెనక్కీ కదుపు, మట్టి మీద టైరు జారి మెలి వదిలేస్తుంది. బటన్ గానీ గుండ్రటి డయల్ గానీ ఉన్న కొత్త బండ్లలో అయితే టూ హెచ్‌కి తిప్పినా మీటరు మీద లైటు మిణుకుమిణుకుమంటూ ఉండిపోతుంది, కంగారు పడొద్దు, ఇదే పని చేస్తే ఆరిపోతుంది.

లీవరుని మాత్రం బలంగా లాగొద్దు, పైపు తొడిగి అసలు లాగొద్దు. ఇది ఎందుకింత గట్టిగా చెప్తున్నానంటే, నేను హెల్పరుగా ఉన్న రోజుల్లో ఒక సాయంత్రం సీతంపేట కొండల్లోంచి దిగిన జీపొకటి మా షెడ్డుకి ఇలాగే వచ్చింది, లీవరు రావట్లేదని. మా పెద్దమేస్త్రి నీటి పైపు ముక్క తొడిగి ఇద్దరు చేత పట్టించి లాగించాడు. టప్పుమని చప్పుడొచ్చి లీవరు తేలికైపోయింది, అందరూ వచ్చేసిందనుకున్నారు, లోపల ఆ కాలరుని జరిపే ఫోర్కు వంగిపోయింది. నాలుగు రోజులు ఆ బండి అక్కడే ఉండిపోయింది, ఆ డ్రైవరు రోజూ పొద్దున్నే వచ్చి అరుగు మీద కూర్చునేవాడు. అతని మొహం నాకింకా గుర్తుంది.

మరి రెండేళ్లకి అలాంటిదే ఇంకో జీపు వస్తే, టీ తాగడానికి వచ్చిన ఒక ముసలి డ్రైవరు, ఆగండ్రా పిల్లలూ అని వెనక చక్రాలకి ముందూ వెనకా రాళ్లు పెట్టించి, ముందు ఇరుసుకి ఒక పక్క జాకీ పెట్టమన్నాడు. నేనే తిప్పాను. టైరుకి అంటుకున్న ఎర్రమట్టి అప్పటికే ఎండిపోయి పెచ్చులు పెచ్చులుగా ఉంది. టైరు నేల మీద నుంచి ఇంకా వెంట్రుక వాసి లేచిందో లేదో, ధడ్‌మని ఒక్క చప్పుడు, ఎవరూ ముట్టుకోకుండా చక్రం జానెడు మేర వెనక్కి తిరిగి ఆగింది, మట్టి పెచ్చులన్నీ జలజలా నా చెయ్యి మీద రాలాయి. ఆయన లోపలికి వంగి రెండు వేళ్లతో లీవరు తీసేశాడు. ఇంజను ఆగి ఉన్న బండి చక్రం దానంతటది తిరగడం చూశాక ఆ షాఫ్టుల్లో ఎంత మెలి దాగి ఉంటుందో నాకు చెప్పక్కర్లేకపోయింది. నువ్వు జాకీ పని చెయ్యాల్సొస్తే మాత్రం రాళ్లు తప్పనిసరి, టైరు దగ్గర చెయ్యి గానీ కాలు గానీ పెట్టొద్దు.

పోతే, ఒకసారి గేటులో తిప్పినంత మాత్రాన నీ బండికి ఏమీ అయ్యుండదు. నెలల తరబడి అలా తోలితేనే ముందు టైర్లు అడ్డదిడ్డంగా అరగడం, క్రాసులు వదులవ్వడం, చైన్ ఉన్న ట్రాన్స్‌ఫర్ కేస్‌లో చైన్ సాగడం ఇవన్నీ వస్తాయి. డబ్బు కన్నా నాకు భయం ఘాట్ రోడ్డంటే. సుంకి ఘాట్ లాంటి చోట ఫోర్ హెచ్‌లో వంపు తిప్పితే బండి తిరగనని మొరాయించి తిన్నగా పోవాలని చూస్తుంది, అక్కడ తిన్నగా పోతే ఏముంటుందో నీకు తెలుసు. వాన పడుతున్నా సరే, తడి తారుకి కూడా పట్టు బాగానే ఉంటుంది, కాబట్టి వాన కదా అని తారు మీద ఫోర్ వీల్ వెయ్యొద్దు. తోట గట్టు దాటి రోడ్డెక్కే ముందు, ఇంకా చక్రాలు మట్టి మీదుండగానే, తిన్నగా ఉన్నచోట తీసెయ్యి. అక్కడైతే వెన్నలా వస్తుంది.

ప్రశ్న: అయ్యా, మాది చీపురుపల్లి అవతల. ఫోర్ వీల్ ట్రాక్టరు తీసుకుని రెండేళ్లయింది. దమ్ముకి బ్రహ్మాండంగా ఉంది. కానీ ముందు టైర్లు అప్పుడే బోడిగుండ్లయిపోయాయి, వెనకవి బాగానే ఉన్నాయి. ట్రక్కు తగిలించి ఇసుక, ఇటుక కూడా తోల్తాం. ఫోర్ వీల్ ఎప్పుడూ ఏసే ఉంచుతాడు మా డ్రైవరు, బలం కదా అని. టైర్లు నాసిరకం ఇచ్చారంటారా?
— ఒక రైతు, విజయనగరం జిల్లా

జవాబు: అయ్యా, టైర్ల తప్పు కాదండి, ఏసే ఉంచడమే తప్పు. పైన మందస బాబుకి చెప్పిందంతా మీకూ వర్తిస్తుంది, మీకైతే ఇంకో మెలిక ఎక్కువ. పికప్పు తిన్నగా వెళ్తే పట్టదు, మలుపులోనే పడుతుంది. ట్రాక్టరు అలా కాదు. దానికి ముందు చక్రాలు చిన్నవి, వెనకవి పెద్దవి కదా, గేర్ల లెక్క కట్టేటప్పుడే ముందు చక్రాల అంచు వెనక వాటి కన్నా కొంచెం వడిగా నడిచేలా కడతారు, సాధారణంగా నూటికి 1 నుంచి 5 వంతుల దాకా. పొలంలో ముందు చక్రాలు బండిని లాగాలి గానీ వెనక వాటికి అడ్డం పడకూడదు, అందుకని. దమ్ములో ఆ ఎక్కువ నడక బురదలో కలిసిపోతుంది.

అదే తారు మీద వేశారనుకోండి, తిన్నగా వెళ్తున్నా సరే ముందు టైరు ప్రతి చుట్టుకీ కొంచెం కొంచెం రోడ్డుని గోకుతూనే ఉంటుంది. నూటికి 3 వంతులే అనుకుందాం, కిలోమీటరు తోలితే 30 మీటర్ల గోకుడు. మీ ఊరి నుంచి ఇటుకబట్టీకి ఎన్ని కిలోమీటర్లో, రోజుకి ఎన్ని ట్రిప్పులో మీరే లెక్కేసుకోండి, ఆ రబ్బరంతా రోడ్డు మీదే ఉండిపోయింది. డీజిలూ దానికే పోతుంది. బలం వస్తుందని మీ డ్రైవరు అనుకుంటున్నాడు గానీ గట్టి రోడ్డు మీద ఇంజను బలంలో కొంత ముందూ వెనకా ఒకదానితో ఒకటి కొట్లాడుకోడానికే ఖర్చవుతోంది.

కొత్త ముందు టైర్లు కొనేటప్పుడు ఇది ముఖ్యం అండి, దయచేసి అదే సైజు వెయ్యండి. కొట్టువాడు కొంచెం పెద్దది చవగ్గా ఇస్తానన్నా వద్దు, ఎందుకంటే ఆ ముందూ వెనకా లెక్క మొత్తం మారిపోతుంది, అప్పుడు పొలంలో కూడా పట్టేస్తుంది. ముందూ వెనకా టైర్లు మార్చాల్సొస్తే ఏ జత ఏ జతతో నడుస్తుందో ట్రాక్టరు పుస్తకంలో రాసి ఉంటుంది.

ఒక్క సందర్భం మాత్రం వేరు. చాలా ట్రాక్టర్లకి బ్రేకులు వెనక చక్రాలకే ఉంటాయి. ట్రక్కు నిండా లోడుతో నిటారు పల్లం దిగాల్సొస్తే ఫోర్ వీల్ వేసి చిన్న గేరులో దిగితే ముందు చక్రాలూ కలిసి ఆపుతాయి. అక్కడ టైరు అరుగుద్దని చూసుకోవద్దు. పల్లం అయిపోగానే తీసేయమనండి.

ప్రశ్న: నమస్తే అండి. నేను విజయనగరంలో ఉంటాను, కొత్తగా కారు నేర్చుకుంటున్నాను. మా కారు ఎప్పుడూ నాలుగు చక్రాలకీ పవర్ వెళ్లే రకం అని మా వారు చెప్తారు. కోట జంక్షన్ దగ్గర రోజూ తిప్పుతాను, ఎప్పుడూ పట్టెయ్యలేదు. మా మరిది జీపు మాత్రం పట్టేస్తుందట. మాది మంచి బండా, వాళ్లది చెడ్డ బండా?
— ఒక గృహిణి, విజయనగరం

జవాబు: రెండూ మంచివేనమ్మా, చేసే పని వేరు. ఇందాక మూడో డిఫరెన్షియల్ అన్నాను చూడండి, కొన్ని బండ్లలో అది ఉంటుంది, ముందు షాఫ్టుకీ వెనక షాఫ్టుకీ మధ్యలో. 1970లో వచ్చిన రేంజ్ రోవర్‌లో ఉంది, 1977లో వచ్చిన రష్యా బండి లాడా నివాలో ఉంది. అది ఉంటే మలుపులో ముందు చక్రాలు ఎక్కువ తిరిగినా మధ్యలోనే సర్దుబాటు అయిపోతుంది. ఇప్పటి కార్లలో ఎక్కువగా మధ్యలో క్లచ్ ప్లేట్ల మూట ఉంటుంది, ముందు చక్రం జారినప్పుడు కంప్యూటర్ దాన్ని బిగిస్తుంది, మలుపులో వదులు చేస్తుంది. మీ కారు ఈ రెంటిలో ఏదో ఒకటి అయ్యుంటుంది.

గుర్తు పట్టడం సులువు. లీవరు మీద గానీ డయల్ మీద గానీ టూ హెచ్, ఫోర్ హెచ్, ఫోర్ ఎల్ (నాలుగు చక్రాలకీ చిన్న గేరు) అని ఉంటే సాధారణంగా మీ మరిదిగారి రకం, తారు మీద టూ హెచ్‌లోనే నడపాలి. టూ హెచ్ అనేదే లేకపోతే మీ రకం. మీ కారులో లాక్ అని ఒక బటన్ ఉంటే అది మట్టి, ఇసుక కోసం, తారు మీద నొక్కకండి, నొక్కితే మధ్యలో ఉన్న వెసులుబాటు పోయి మీ కారూ పట్టేస్తుంది. భోగాపురం అవతల చింతపల్లి బీచ్‌కి వెళ్లి ఇసుకలో దిగితే నొక్కండి, రోడ్డెక్కేటప్పుడు తీసెయ్యండి. కారు నేర్చుకుంటూ ఇలాంటి ప్రశ్న వేసినందుకు నాకు చాలా సంతోషంగా ఉందమ్మా, ఏళ్ల తరబడి నడిపే వాళ్లు కూడా ఇది అడగరు.

ప్రశ్న: మేస్త్రీ, నా ఫోర్ బై ఫోర్ తిన్నటి మట్టిరోడ్డు మీద వెళ్తున్నా లీవరు బిగుసుకుంటోంది. మలుపే లేదు. మొన్నే వెనక రెండూ కొత్త టైర్లు ఏయించాను.
— పాత డ్రైవరు, ఆమదాలవలస

జవాబు: కారణం నువ్వే రాసేశావు అన్నా. వెనక కొత్తవి, ముందు అరిగినవి. అరిగిన టైరు వ్యాసార్థం 6 మిల్లీమీటర్లు తగ్గిందనుకో, 75 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న టైరుకి లెక్కకి కిలోమీటరుకి 16 మీటర్ల తేడా వస్తుంది, అంటే తిన్నటి రోడ్డు మీదే బండి ఎప్పుడూ మలుపులో ఉన్నట్టు. గట్టిపడ్డ మట్టిరోడ్డు అంత తేడాకి జారనివ్వదు. గాలి తక్కువున్నా కొంత ఇలాగే అవుతుంది, అది ముందు చూసుకో. తర్వాత సుద్దముక్కతో ముందు టైరు మీదా దాని కింద నేల మీదా గీత పెట్టి, బండిని ఒక్క చుట్టు తోసి, టైరు మీద గీత మళ్లీ కిందకి వచ్చినచోట నేల మీద ఇంకో గీత పెట్టి టేపుతో కొలువు. వెనక టైరుకీ అలాగే కొలువు. రెండూ సరిపోయేదాకా ఫోర్ వీల్ బురదలో తప్ప వెయ్యకు, ముందువి కూడా వెనకవాటి కంపెనీ, వాటి సైజువే ఏయించుకో.